కరుణకు సున్నా వేసిన రోజు

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న సంగతి చెల్లెలు కరుణ మెసేజి పెడితే తెలిసింది. ఫోనులో మాటలు దానికి సరిగా అందవు కాబట్టి మా ఇద్దరి కబుర్లన్నీ రాతలోనే నడుస్తాయి. "వీరభద్రం సార్ పోయారక్కా. పెద్దకర్మకైనా వెళ్ళొద్దాం" అని రాసింది. నేను ఎన్నో ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరై విజయవాడలో ఉంటున్నాను. అది విస్సన్నపేట దగ్గర ఒక పల్లెలో పోస్టాఫీసు చూసుకుంటోంది. ఇద్దరం తిరువూరు బస్టాండులో కలుసుకుని మాస్టారింటికి నడిచాం. వరండాలో దండ వేసిన ఫోటో, అగరొత్తుల పొగ, షామియానా కింద భోజనాల బల్లలు. మాస్టారి భార్య కుర్చీలోంచి లేవలేకపోయారు. నన్ను పోల్చుకోలేదు గాని కరుణను చూడగానే రెండు చేతులూ చాపి, తన మొహం దాని మొహానికి ఎదురుగా పెట్టుకుని, ఒక్కో మాటా నిదానంగా, "నీ గురించి చెప్తూనే ఉండేవారమ్మా" అన్నారు. కరుణతో ఎలా మాట్లాడాలో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

తిరిగి వస్తుంటే మేం చదివిన హైస్కూలు గ్రౌండులోంచి మైకు మోత. వేసవి క్యాంపట, బేస్‌బాల్ టీములు వేయడానికి పిల్లల్ని పరీక్ష చేస్తున్నారు. ప్రతి ఒక్కరి గుండెల మీదా నెంబరు కాగితం. ఒకచోట పరుగు, ఒకచోట విసురు, ఒకచోట నేలబారుగా వచ్చే బంతిని ఆపడం, ఇంకోచోట బ్యాటింగు. బంతి వేగం చెప్పే మిషను ఒకటి స్టాండు మీద పెట్టారు. కుర్ర కోచ్‌లు మార్కులు ఫోన్లలో కొడుతున్నారు. గోడ పొడుగునా బైకుల మీద కూర్చుని తల్లిదండ్రులు వీడియోలు తీసుకుంటున్నారు. మైకు మోత భరించలేక కరుణ చెవి మిషను తీసి పర్సులో వేసుకుంది. గేటు ఊచలు పట్టుకుని చాలాసేపు పిల్లల్నే చూస్తూ నిలబడింది. నేను దాని పక్కన నిలబడి, మేమిద్దరం అదే మట్టిలో గౌన్ల మీద నెంబర్లు గుచ్చుకుని నిలబడ్డ వేసవిని తలుచుకున్నాను.

అప్పుడు మా ఇల్లు చర్చి వెనక సందులో ఉండేది. రెండు గదులు, ముందు తాటాకు పంచ. నాన్న రైతుల దగ్గర ట్రాక్టరు తోలేవాడు. అమ్మ పత్తి తీతకు, మిరప కోతకు వినగడప వైపు కూలికి వెళ్ళేది. చీకటితోనే లేచి అన్నం వార్చి, పచ్చడి నూరి, తన క్యారేజీ తాను కట్టుకుని, మమ్మల్ని లేపకుండా పంచ దాటేది. సాయంత్రం వచ్చేసరికి జుట్టులో పత్తి పోగులు, ఒంటి మీద పురుగుమందు ఘాటు. స్నానం చేస్తే గాని మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. ఇల్లు నాయనమ్మ చేతిలో ఉండేది. దీపాలవేళకు ఆమె చాప పరిచి, కళ్ళజోడు తాడు తల వెనక్కి బిగించుకుని, బైబిలు పైకి చదివేది. నేను ఆవలిస్తూ గోడకు జారగిలబడేదాన్ని. కరుణ మాత్రం ఆమెకు ఎదురుగా, మోకాళ్ళు మోకాళ్ళకు తగిలేంత దగ్గరగా కూర్చుని, రెప్ప వేయకుండా ఆమె మొహంలోకే చూసేది. "ఈ పిల్లకున్న భక్తి మీ ఇంట్లో ఒక్కరికీ లేదు" అని నాయనమ్మ మురిసిపోయేది.

కరుణకు పసితనం నుంచీ చెవిలో చీము. దానికి నాయనమ్మ వైద్యం ఒకటుండేది. ఇనుప గరిటెలో నూనె పోసి, వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసి, పొయ్యి సెగన పట్టుకుని అవి ఎర్రబడేదాకా కాచేది. ఆ వాసన సందంతా వచ్చేది. నూనె గోరువెచ్చగా అయ్యాక కరుణ తలను ఒళ్ళో పెట్టుకుని దూదితో చుక్కలు పిండి, చెవి వెనక నిమురుతూ పాట పాడేది. కరుణకు ఆ ఒడి ఎంత ఇష్టమంటే నొప్పి లేని రోజుల్లో కూడా నొప్పి అని వెళ్ళేది. నాయనమ్మ తనకు తెలిసిన ప్రేమంతా ఆ గరిటెలో కాచిందని ఇప్పటికీ అనుకుంటాను.

అమ్మకు కరుణతో పడేది కాదు. ఒక కూతురి మీద ప్రేమ ఎక్కువ, ఇంకో కూతురి మీద తక్కువ అని కాదు. అలిసిపోయి వచ్చి "కరుణా, చెంబు అందుకో" అంటుంది. పంచలో వీపు తిప్పి కూర్చున్న పిల్ల కదలదు. రెండోసారి, మూడోసారి. అప్పటికి అమ్మ చేతికి ఏది దొరికితే అది. "పిలిస్తే పలకడానికి ఏం రోగమే నీకు? ఎక్కడిదే ఈ పొగరు?" కరుణ దెబ్బ తిని అప్పుడు చెంబు అందించేది. బళ్ళో కూడా ఇదే పేరు, మొద్దు అని. వెనక బెంచీలో కూర్చోబెడితే ఇంకా మొద్దయింది. నేను దాని పక్కన ఉంటే మాత్రం అన్నీ సవ్యంగా నడిచేవి. లారీ వస్తే చెయ్యి లాగేదాన్ని, ఎవరైనా పిలిస్తే భుజం తట్టేదాన్ని, చర్చిలో లేచి నిలబడాల్సి వస్తే మోచేత్తో పొడిచేదాన్ని. అక్కచెల్లెళ్ళంటే అంతే అనుకున్నాం ఇద్దరం.

వీరభద్రం మాస్టారిది ఊళ్ళో రైసు మిల్లున్న కుటుంబం. గల్లాపెట్టె ముందు కూర్చోమంటే కూర్చోకుండా డ్రిల్లు ట్రైనింగుకు వెళ్ళి, ఆ ఆటను నేర్చుకుని వచ్చారు. మేం ఆడింది సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్‌కు చెల్లెలు వరస. బంతి కాస్త పెద్దది, గ్రౌండు కాస్త చిన్నది, మిగతాదంతా ఒకటే. పరుగు తీసేవాళ్ళు ఒక్కొక్కటీ తొక్కుతూ చుట్టి రావాల్సిన బేసులకు మాస్టారు తమ మిల్లు ఊకతో గోనె సంచులు కుట్టించారు. ఉన్న కాసిని గ్లౌజులకు ప్రతి శనివారం కొబ్బరినూనె రాయించేవారు, తోలు మెత్తబడాలని. సంవత్సరం పరీక్షలయ్యాక ఆయన ఆడపిల్లలకు ఆ ఆట నేర్పుతారని చాటింపు లాగా ఊరంతా తెలిసింది. నాన్న ఒప్పుకున్నాడు. అమ్మ మాత్రం, "పెద్దదాన్ని పంపుతాను. చిన్నది మాట వినదు, ఎవరితోనో దెబ్బలు తింటది" అంది. నేను వెళితే కరుణ ఆగదు కాబట్టి చివరికి ఇద్దరమూ వెళ్ళాం.

రెండు టీములు వేసి, వేసవి చివర వాటి మధ్య పెద్దల ముందు మ్యాచి పెట్టాలని మాస్టారి ఆలోచన. "గట్టివాళ్ళంతా ఒక పక్క, మిగిలినోళ్ళంతా ఇంకో పక్క అయితే అది ఆట కాదమ్మా" అని మమ్మల్ని మట్టిలో కూర్చోబెట్టి చెప్పారు. "ఎవరి బలం ఎంతో ముందు చూస్తాం. చూసి రెండు పక్కలా సమానంగా పంచుతాం. మీకేసే మార్కులు పంచడానికే గాని ఎవర్నీ ఇంటికి పంపడానికి కాదు." తన ఒక్కరి కన్నూ చాలదని గంపలగూడెం నుంచి ఇంకో డ్రిల్లు సారును, మా లెక్కల టీచరమ్మను కూడా పిలిపించారు. ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా, ఒక్కో పనికి అయిదుకు ఇన్నని వేయాలి. ముగ్గురివీ కలిపితే వచ్చిందే ఆ పిల్ల బలం. పేరును బట్టి, వీధిని బట్టి, అమ్మానాన్నలను బట్టి ఎవరూ వేయకూడదని గుడ్డముక్కల మీద నెంబర్లు రాయించి పిన్నీసులతో గుచ్చారు. మా వీధి పిల్లలం అలా ఒక అంకె అయి మిల్లు యజమానుల పిల్లల పక్కన నిలబడటం అదే మొదటిసారి.

పరుగులో కరుణ అందరికంటే ముందు. విసురులో దాని బంతి టీచరమ్మ నిలబడ్డ చోటు దాటి వెళ్ళి గోడకు కొట్టుకుంది. నేలబారు బంతులు ఒక్కటీ వదల్లేదు. గంపలగూడెం సారు కూడా "ఎవరమ్మాయండీ?" అని అడిగి, అడక్కూడదని గుర్తొచ్చి నవ్వేశారు. ఆఖరిది పై బంతి. పిల్ల వీపు తిప్పి నిలబడాలి. వెనక నుంచి సారు "కుడి" అనో "ఎడమ" అనో అరుస్తూ బంతి పైకి విసురుతారు. మాట వినగానే అటు తిరిగి పట్టుకోవాలి. నా వంతు అయింది, పర్వాలేదనిపించుకున్నాను. కరుణ వచ్చి నిలబడింది. "ఎడమ!" అన్నారు గంపలగూడెం సారు. అది కదల్లేదు. బంతి దాని వెనక దబ్బుమని పడింది. "కుడి!" కదల్లేదు. పిల్లలు నవ్వారు. "వినపడతల్లా ఏంటమ్మా? నిన్నే!" అని ఆయన గట్టిగా అరిచి, మళ్ళీ "కుడి!" అంటూ బంతి విసిరారు. వరసలో దానికి ఎదురుగా ఉన్న నేను, ఎప్పటిలాగే, చెయ్యి కొద్దిగా దాని కుడి పక్కకు ఊపాను. వెంటనే తిరిగి పరిగెత్తి బంతిని అందుకుంది.

"పొగరండీ, ఇష్టమైతేనే కదులుతోంది. సున్నా వేసుకోండి" అన్నారు ఆయన. టీచరమ్మ తలూపి రాసుకుంది. వీరభద్రం మాస్టారు మాత్రం రాయలేదు. కరుణను చూడటం మానేసి నన్ను చూస్తున్నారు. "సుశీలా, నువ్వెళ్ళి బిందెలో నీళ్ళున్నాయో లేదో చూసిరా" అన్నారు. నేను కొద్ది దూరం పోయి వెనక్కి తిరిగి చూశాను. ఆయన పిల్లలందర్నీ కరుణ ముందు నుంచి పక్కకు తప్పించి, చెప్పులు విడిచి, దాని వెనక్కి నడిచారు. ఎడమ చెవి పక్కన చప్పట్లు కొట్టారు. ఏమీ లేదు. కుడి పక్కన కొట్టారు. కొద్దిగా తల ఎత్తింది. విజిలు ఊదారు. ఉలిక్కిపడి తిరిగింది, కానీ ఆయన లేని వైపుకు. నవ్వుతున్న పిల్లలు ఒక్కొక్కరే ఆపేశారు. మాస్టారు చుట్టూ తిరిగి ముందుకొచ్చి, దాని ఎదురుగా మట్టిలో గొంతుకూర్చున్నారు.

"అమ్మా, నేను మాట్లాడేటప్పుడు నువ్వు నా మూతి చూస్తన్నావా?"

కరుణ భయపడింది. చేయకూడనిదేదో చేసి దొరికిపోయాననుకుంది. "అందరూ అంతేగా సార్" అంది.

 మాస్టారు లేచి, ఆ రోజుకు చాలని పిల్లల్ని పంపేశారు.

సాయంత్రం అమ్మ పొలం నుంచి వచ్చి ఇంకా కాళ్ళు కడుక్కోకముందే ఆయన మా సందులోకి వచ్చారు. మిల్లు వాళ్ళబ్బాయి మా పంచలోకి రావడం చూసి నాయనమ్మ కంగారుగా మంచం దులిపింది. ఆయన కూర్చోలేదు. "పెద్దమ్మగారూ, మీ చిన్నపిల్లకి ఒక చెవి అసలు పనిచేయట్లేదు. రెండోది కూడా సగమే. విజయవాడలో చూపిద్దాం, నేనూ వస్తాను" అన్నారు. అమ్మ నవ్వింది. "ఊరుకోండి సార్. అది మాట్లాడుద్దిగా. పాటలు పాడుద్ది. వినపడకపోతే ఎట్టా మాట్లాడుద్ది?" అంది. ఆయన గ్రౌండులో జరిగింది చెప్పారు. నాన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు అమ్మ కూలికి వెళ్ళలేదు. కరుణ పంచలో కూర్చుని, సందు వైపు చూస్తూ పళ్ళు తోముకుంటోంది. అమ్మ గుమ్మంలో నిలబడి, దాని ఎడమ చెవి వైపు వెనక నుంచి మెల్లగా "కరుణా" అంది. తర్వాత మామూలుగా అంది. తర్వాత దెబ్బ వేసే ముందు పిలిచే గొంతుతో పిలిచింది. ప్రతి పిలుపుకూ ఒక అడుగు ముందుకు వేస్తూ, ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా, చివరికి గొంతు చీలిపోయేలా అరిచింది. ఇరుగుపొరుగు వాళ్ళు బయటికి వచ్చారు. ఎవరో చచ్చిపోయారనుకున్నారు. కరుణ వాళ్ళంతా తన వైపు చూస్తుంటే ఏమిటా అని వెనక్కి తిరిగింది. అమ్మ దాని కాళ్ళ దగ్గర కూలబడి ఉంది. "ఏంటమ్మా?" అంది కరుణ, నోట్లో పళ్ళపొడి నురగతో.

విజయవాడ డాక్టరు చెవులు చూసి, ఎడమది పోయిందని, కుడిది జాగ్రత్తగా చూసుకుంటే నిలుస్తుందని, ఇక నూనె చుక్కలు మానేయమని చెప్పాడు. నూనె వల్లే పోయిందా అని నాయనమ్మ అడిగింది. అలా చెప్పలేమన్నాడు. ఆమెకు ఆ జవాబు సరిపోలేదు. ఆ తర్వాత మా ఇంట్లో నూనెలో వెల్లుల్లి కాగిన వాసన మళ్ళీ రాలేదు. అన్నాల దగ్గర కూర్చునే చోట్లు మారాయి. కరుణకు కుడి పక్కన అమ్మ, ఎదురుగా నాన్న. అమ్మ దాన్ని పిలవాల్సి వస్తే చేతిలో పని వదిలి దాని ముందుకు వెళ్ళి నిలబడేది. చనిపోయేవరకు అంతే చేసింది. ఇంట్లో ఇంకెవరి మీదా కూడా గొంతెత్తలేదు.

గ్రౌండులో మాత్రం కరుణ సున్నా కాగితం మీద అలాగే ఉంది. మాస్టారు మళ్ళీ పరీక్ష పెడతానన్నారు. గంపలగూడెం సారు ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడేం కాదు. "నాకూ జాలే అండీ. కానీ అందరికీ ఒకటే కొలత ఉండాలి కదా. రేపు ఇంకొకళ్ళు ఇంకోటంటారు" అన్నారు. "కొలత ఒకటే సార్. మనం చూడాల్సింది పై బంతి పడుతుందా లేదా అని. చెవులు చూడమని మనకెవరూ చెప్పలా" అన్నారు మాస్టారు. చివరికి టీచరమ్మ తెగ్గొట్టింది. పిల్లలందరికీ మళ్ళీ పెట్టాలి, ఈసారి అరుపు లేకుండా, ఎదురుగా ఒకరు జేబురుమాలు కుడికో ఎడమకో ఊపాలి. అలాగే పెట్టారు. కరుణ ఒక్క బంతి కూడా నేల మీద పడనివ్వలేదు. కిందటిసారి బాగా పట్టిన పిల్లలు కొందరు ఈసారి తడబడ్డారు. గంపలగూడెం సారు కాగితం తెప్పించుకుని సున్నా కొట్టేసి, తన చేత్తోనే అయిదు వేశారు.

బలాలు పంచేటప్పుడు మార్కుల్లో మొదటి పిల్ల ఎర్ర రిబ్బను టీముకు, రెండు, మూడు పచ్చ రిబ్బనుకు, నాలుగు మళ్ళీ ఎర్రకు, అలా పాములా మెలికలు తిరుగుతూ వచ్చారు. కరుణ ఎర్రకు పడింది, నేను పచ్చకు. ఆ సంగతి విని అమ్మ మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకుని గ్రౌండుకొచ్చింది. "ఒక్కపక్కనే ఉంచండి సార్. పెద్దది పక్కన లేకపోతే చిన్నదానికి ఏం తెలుస్తది?" అని బతిమాలింది. నేనూ బతిమాలాను. మాస్టారు కరుణ వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అని అడిగారు. దాన్ని అలా అడిగిన పెద్దవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు.

అది నా వైపు చూడకుండా చెప్పింది. "అక్క ఉంటే నేను అక్కనే చూస్తా సార్. బంతిని చూడను."

నాకు ఏడుపొచ్చింది. ఆ రాత్రి దానితో మాట్లాడలేదు. అది తప్పు మాట అననూ లేదు, నాకు కోపం రావాల్సిన పనీ లేదు. కానీ అంతవరకూ నా చెయ్యి దానికి అవసరమని నాకు తెలియదు. అవసరమని తెలిసిన వారంలోనే వద్దంది.

మాస్టారు దాన్ని క్యాచరుగా పెట్టారు. బ్యాటు పట్టినవాళ్ళ వెనక కూర్చుని బంతి అందుకునే చోటు అది. గ్రౌండులో మిగతా అందరికీ వెనకో పక్కనో ఎవరో ఒకరుంటారు, అరుపులు వింటేగాని ఆట నడవదు. క్యాచరుకు మాత్రం ఆటంతా కళ్ళ ముందే ఉంటుంది. పైగా బంతి వేసే పిల్లతో మాట్లాడేదే వేళ్ళతో. పెద్దల ముందు మ్యాచి రోజున నేను మూడో బేసు నుంచి కరుణ కాచే ఆఖరి బేసుకు, ఆటలో 'ఇల్లు' అనే చోటికి, పరిగెత్తాను. దూరం నుంచి బంతి వస్తోంది. గ్రౌండు చుట్టూ జనం కేకలు. కరుణ మొహంలో ఆ కేకలేవీ లేవు. నన్ను కూడా చూడలేదు. బంతి చేతిలో పడగానే వంగి నా మోకాలికి తాకించింది. బేసు తొక్కకముందే నేను ఔటు. గీత అవతల అమ్మ, పత్తి తీతకు వచ్చే ఆడవాళ్ళతో కలిసి నిలబడి, నోరు తెరవకుండా తువ్వాలు గాల్లో తిప్పుతోంది. ఏ కూతురి కోసం తిప్పుతోందో నేను అడగలేదు.

తర్వాత కరుణను జిల్లా సెలక్షన్లకు తీసుకెళ్ళారు. అక్కడ వెనక నుంచి అరిచే పరీక్షే పెట్టారు. మాస్టారు ఎంత చెప్పినా రుమాలు ఊపడానికి ఒప్పుకోలేదు. సున్నాతో తిరిగొచ్చింది. బస్సులో తాను ఏడవలేదని, సారే కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారని అది చెప్పింది. పదో తరగతి దాకా బళ్ళో ఆడింది. ముందు బెంచీకి మారాక చదువు అందుకుంది. ఆ మార్కులతోనే పోస్టాఫీసు ఉద్యోగం వచ్చింది.

ఆ రోజులే మంచివని నేను అనలేను. వినపడని పిల్లను వినదని కొట్టిన రోజులవి. ఇప్పుడైతే డాక్టర్లు బళ్ళోకే వచ్చి చెవులూ కళ్ళూ చూస్తున్నారు. ఇంకో కరుణ అన్నేళ్ళు దెబ్బలు తినక్కర్లేదు. గేటు దగ్గర నిలబడి చూసిన ఆ కోచ్‌లు కూడా ఓపిగ్గానే ఉన్నారు, ఓడిపోయిన పిల్లాడి భుజం తట్టి పంపారు. మిషను చెప్పే వేగం మా టీచరమ్మ అంచనా కంటే నిక్కచ్చిగా ఉంటుంది. ఒక్కటే నాకు లోటుగా కనిపించింది. మార్కులు పడగానే తండ్రుల ఫోన్లు మోగుతున్నాయి, తలలు కిందికి వంగుతున్నాయి. ఆ క్షణాన పిల్లవాడు ఎటు చూస్తున్నాడో చూసేవాళ్ళు లేరు. మాస్టారు కాగితం మీద రాయడం ఆపి తల ఎత్తకపోతే, మా ఇంట్లో ఆ అరుపులూ దెబ్బలూ ఇంకెన్నాళ్ళు సాగేవో.

విస్సన్నపేట మీదుగా విజయవాడ వెళ్ళే బస్సులో సీట్లు దొరికాక కరుణ మిషను మళ్ళీ చెవికి పెట్టుకుంది. బస్సు బయలుదేరాక, కిటికీలోంచి చూస్తూ, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది.

"కుడిది కూడా పోతందక్కా. డాక్టరు కిందటి నెల చెప్పాడు. మిషను పెట్టుకున్నా ఇంకెంతో కాలం ఆగదంట."

భుజం తట్టి ఇటు తిప్పుకుని, "ఇంట్లో చెప్పావా?" అన్నాను.

"ఇంకా లేదు. పోస్టాఫీసుకు ఇబ్బంది లేదులే. వచ్చినోళ్ళు ఎదురుగానే నిలబడతారు."

 దాని మోకాలి మీద చెయ్యి వేశాను. అది నా చెయ్యి తీసి పక్కన పెట్టి, లేచి, నన్ను కిటికీ వైపు జరగమని తాను ఇటు వచ్చి కూర్చుంది. ఇప్పుడు దాని కుడి చెవి నా వైపు ఉంది.

"ఏదైనా మాట్లాడక్కా" అంది. "ఏదైనా పర్లేదు. ఊరికే వింటాను."

కళ్ళు మూసుకుంది. నా మూతి వైపు చూడలేదు. నేను మొదలుపెట్టాను. నా మోకాళ్ళ నొప్పులు, మా అపార్టుమెంటులో నీళ్ళ గొడవ, మార్కెట్లో మామిడికాయల ధర, ఏది నోటికొస్తే అది. మధ్యలో కండక్టరు వచ్చాడు, జనం ఎక్కారు, దిగారు. విస్సన్నపేట దాకా ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాను.